సడలితేనే బిడ్డకు బువ్వ

ఏడో నెలలో సీమంతం అయింది. చేతినిండా గాజులతో ఆమె తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. వచ్చిన మూడో రోజు పొద్దున్నే చెప్పులు పట్టలేదు. పాదాలు పొంగిన పూరీల్లా ఉన్నాయి.

'నీరు పట్టిందంతే! కడుపుతో ఉన్న పిల్లకి ఆమాత్రం కాళ్లు వాయవుటే?' అని తేలిగ్గా తీసిపారేసింది పక్కింటి బామ్మగారు. అమ్మ మాత్రం నవ్వలేదు. కూతురి పాదం మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంట పూడేదాకా చూస్తూ కూర్చుంది.

అమ్మ అలా చూడటానికి కారణం ఉంది. ఆమెకో అక్క ఉండేది. తొలిచూలు. ఎనిమిదో నెలలో ముందు కాళ్లు వాచాయి, తర్వాత మొహం వాచింది. రెండు రోజులు తలనొప్పి తలనొప్పి అంది. శొంఠి అరగదీసి పట్టు వేశారు. మూడో రాత్రి కళ్లు తేలేసి కొట్టుకుంది. బండి కట్టి పట్నం తీసుకెళ్లేలోపే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. 'గుర్రపువాతం' అన్నారు ఊళ్లో. గాలి సోకిందన్న వాళ్లూ ఉన్నారు. ఎందుకొచ్చిందో చెప్పినవాళ్లు లేరు.

'బీపీ చూపించుకున్నావుటే?' అడిగింది అమ్మ.

'పోయిన నెల చూశారమ్మా, బాగానే ఉంది. ఊరికే కంగారు పడకు' అంది కూతురు.

విచిత్రం ఏమిటంటే ఆ మాట అన్న పిల్ల చదువంతా రక్తనాళాల మీదే. ఓ విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో పరిశోధన చేస్తోంది. ఎలుక రక్తనాళాన్ని సన్నటి ఉంగరాల్లా కోసి, రెండు కొక్కేలకు తగిలించి, ఒంటి వేడికి సరిపోయేలా 37 డిగ్రీల ఉప్పునీటిలో వేలాడదీస్తారు. ఓ మందు చుక్క వేస్తే ఉంగరం బిగుసుకుంటుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. ఇంకో చుక్క వేస్తే సడలుతుంది, గీత కిందికి జారుతుంది. నాళం గోడలో ఉండే నునుపు కండరం చేసే పని అది. చేతి కండరంలా మనం చెబితే వినే రకం కాదు. దాని బిగువూ సడలూ దాని లోపలే తేలాలి.

ఆ సడలమనే కబురు ఎక్కణ్నుంచి వస్తుందో 1980లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ బయటపెట్టాడు. నాళం లోపలి వైపు ఒక్క వరస కణాలతో పల్చటి పొర ఉంటుంది. కోసేటప్పుడు ఆ పొర చెరిగిపోతే ఎంత మందు వేసినా ఉంగరం సడలదు. పొర నిక్షేపంగా ఉంటే వెంటనే సడలుతుంది. ఆ పొర పంపే కబురు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. ఫర్చ్‌గాట్‌కూ, మరో ఇద్దరికీ 1998లో నోబెల్ వచ్చింది దీనికే.

గర్భిణి ఒంట్లో ఈ సడలింపు ఓ పండగలా సాగుతుంది. రక్తం దాదాపు సగం పెరుగుతుంది. గుండె ఎక్కువ రక్తాన్ని తోడుతుంది. ఆ లెక్కన బీపీ పెరగాలి కదా! కానీ నడినెలల్లో కాస్త తగ్గుతుంది. ఒంట్లోని నాళాలన్నీ మెత్తబడి దారివ్వడం వల్లే అది. ఇక గర్భసంచిలో జరిగేది మరీ వింత. మాయ నుంచి బయల్దేరిన కణాలు తల్లి రక్తనాళాల్లోకి చొరబడి, వాటి గోడల్లోని కండరాన్ని తీసేసి ఆ చోట తామే కూర్చుంటాయి. మెలికలు తిరిగిన సన్నటి నాళాలు గరాటుల్లా వెడల్పవుతాయి. ఇక అవి బిగుసుకుందామన్నా బిగుసుకోలేవు. అందుకే నెలలు నిండేసరికి నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం గర్భసంచికి చేరుతుంది. బిడ్డకు బువ్వ అదే.

ఈ మార్పు సగంలో ఆగితే? కండరం పోని నాళాలు ఇరుకుగానే ఉండిపోతాయి. మాయకు రక్తం చాలదు. అది అల్లాడిపోతూ ఓ ప్రొటీన్‌ను తల్లి రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. నాళాల లోపలి పొరను కాపాడే పదార్థాలను ఆ ప్రొటీన్ పట్టేసుకుంటుంది. పొర దెబ్బతింటుంది, సడలమనే కబురు ఆగిపోతుంది. ఒళ్లంతా నాళాలు బిగుసుకుంటాయి. బీపీ లేస్తుంది. మూత్రంలో ప్రొటీన్ పోతుంది. మెదడుదాకా వస్తే ఫిట్స్. ఊరు గుర్రపువాతమన్నది దీన్నే. ఆ ప్రొటీన్ చేసే పనిని 2003లో బయటపెట్టిన బోస్టన్ బృందానికి పెద్ద మన దేశంలో పుట్టిన అనంత్ కరుమంచి. అంతకు పదేళ్ల ముందే, 1993లో, చంద్రశేఖర్ యల్లంపల్లి, రాబర్ట్ గార్‌ఫీల్డ్ కలిసి చూలు ఎలుకల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారీని ఆపి చూశారు. వాటికి బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది, పిల్లలు చిన్నవిగా పుట్టాయి.

ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. కానీ అమ్మ పోరు పడలేక ఉపకేంద్రానికి వెళ్లింది. నర్సమ్మ జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలి, మళ్లీ కొట్టింది. '150కి 100 ఉందమ్మా. కాసేపు కూర్చోండి, మళ్లీ చూస్తాను' అంది. మళ్లీ చూసినా అంతే. మూత్రంలో పట్టీ ముంచితే రంగు మారింది.

ఆమెకు ల్యాబ్ తెర మీద పైకి లేచే గీత గుర్తొచ్చింది. ఈసారి ఉంగరం ఎలుకది కాదు. 1973లో డాలస్‌లో నార్మన్ గాంట్ బృందం చేసిన పరిశోధనను ఆమె తన థీసిస్‌లో ఎన్నోసార్లు ప్రస్తావించింది. తొలిచూలు తల్లుల్లో ఎవరికి ఈ జబ్బు రాబోతోందో వాళ్ల నాళాలు వారాల ముందే బిగువుకు లొంగిపోవడం మొదలుపెట్టాయని చెప్పిన పరిశోధన అది. అంటే నొప్పి, బాధ తెలిసేసరికే ఆలస్యం. నెల కిందట బాగున్న బీపీ నెలంతా బాగుంటుందన్న పూచీ లేదు. రాసింది తనే, మరిచిపోయిందీ తనే.

అదే రోజు పట్నం ఆస్పత్రిలో చేర్చారు. బీపీ మాత్రలిచ్చారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంజెక్షన్లు చేశారు. 'ఇంకో వారం లోపల ఉంటే బిడ్డకు అంత మేలు. తల్లికి ప్రమాదమనిపిస్తే మాత్రం ఆగం' అన్నారు డాక్టరుగారు. ఈ జబ్బు పూర్తిగా తిరుగుముఖం పట్టేది బిడ్డా, మాయా బయటికొచ్చాకే. అప్పటిదాకా చేసేదంతా కాపలాయే.

రెండు వారాలు గడిచాయి. ఓ రాత్రి తల పగిలిపోతోందంది. కళ్ల ముందు మిణుగురులంది. అమ్మ చేతులు వణికాయి... అక్క అన్న మాటలే అవి! ఈసారి శొంఠి పట్టు లేదు. సెలైన్‌తో పాటు మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు. పాతతరం భేది ఉప్పుగా ఎరిగిన పదార్థమే అది. 2002లో 33 దేశాల్లో దాదాపు పదివేల మంది తల్లుల మీద జరిగిన పరిశోధనలో, అది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని రుజువైంది. తెల్లవారుజామున ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కిలోన్నర ఆడపిల్ల. తల్లి గుండెకు ఆనించి వెచ్చగా పెంచితే నెలలో పుంజుకుంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు రెండు మాటలు చెప్పారు. మళ్లీ గర్భం వస్తే మూడో నెలలోనే రావాలి, అప్పటినుంచే చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తే ఈ ముప్పు తగ్గుతుంది. సొంతంగా మాత్రం వేసుకోకూడదు. రెండోది, కాన్పుతో కథ అయిపోలేదు. ఈ జబ్బు చేసిన వాళ్లకు ముందు ముందు గుండెజబ్బుల ముప్పు దాదాపు రెట్టింపు. ఏటా బీపీ చూపించుకుంటూనే ఉండాలి.

అమ్మకు కూతురు ఆ నాళాల కథంతా విప్పి చెప్పింది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి 'అయితే మా అక్కకు గాలీ కాదు, ధూళీ కాదన్నమాట. ఓ పట్టీ చుట్టి చూసేవాళ్లు లేకపోయారు' అంది.

ఇప్పుడు వీధిలో ఏ పిల్ల నెల తప్పినా అమ్మ ఊరుకోదు. కాళ్లు వాచాయా లేదా అన్నది రెండో ప్రశ్న. ఎవరి గడప తొక్కినా మొదట అడిగేది ఒక్కటే... 'బీపీ ఎంతుందిటమ్మా? ఎన్నాళ్లయింది చూపించుకుని?'