చెత్తబుట్టను వదలని ఫైళ్లు

కంప్యూటరులో తొలగించిన ఫైలు వెంటనే నశించదు. 1983లో యాపిల్ సంస్థ లీసా యంత్రంలోనూ, 1995లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 95లోనూ ప్రవేశపెట్టిన చెత్తబుట్ట దానిని దాచి ఉంచి, అవసరమైతే తిరిగి ఇస్తుంది. పొరపాట్లను దిద్దుకోవడానికి వచ్చిన ఈ సౌకర్యం, బుట్టను ఖాళీ చేయమన్నా కొన్ని ఫైళ్లు కదలనప్పుడు చిక్కుగా మారుతుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల వీధుల నుంచి బడంగ్‌పేట్ కాలనీల దాకా ఉన్న నెట్ సెంటర్లలో ఈ చిక్కు మరింత తీవ్రమైనది, ఎందుకంటే అక్కడ ఒకే యంత్రం మీద ఎందరివో ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు, ఆదాయ ధ్రువపత్రాలు డౌన్‌లోడై ప్రింటవుతాయి. నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దనీ, తప్పనిసరైతే ప్రతులన్నీ శాశ్వతంగా తొలగించాలనీ 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం చెప్పింది. అపార్థాలకు తావిస్తోందని ఆ ప్రకటనను రెండు రోజుల్లోనే ఉపసంహరించినా, అందులోని ఈ జాగ్రత్త మాత్రం విలువైనదే.

విండోస్ విస్టా నుంచి బుట్టలోకి వెళ్లిన ప్రతి ఫైలూ రెండుగా నమోదవుతుంది. డాలర్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే కొత్త పేరు కింద అసలు సరుకు ఉంటుంది; డాలర్ గుర్తు, ఐ అక్షరంతో మొదలయ్యే చిన్న ఫైలులో పాత పేరు, పాత చోటు, పరిమాణం, తొలగించిన సమయం ఉంటాయి. కరెంటు పోయి రెండోది పాడైతే మొదటిది తెర మీద కనిపించకుండానే డిస్కులో చోటు ఆక్రమిస్తుంది. అంతకన్నా గమనించవలసినది మరొకటి ఉంది: డ్రైవులోని దాపు ఫోల్డరు లోపల, ప్రతి యూజర్ ఖాతాకూ దాని గుర్తింపు సంఖ్య పేరుతో వేరే బుట్ట ఉంటుంది కనుక, ఒకరు ఖాళీ చేసినంత మాత్రాన పక్క ఖాతా బుట్టలోని పత్రాలు పోవు. అడ్మినిస్ట్రేటర్ అధికారంతో ఆ ఫోల్డరునే తీసేస్తే విండోస్ కొత్తది సృష్టించుకుంటుంది. అయితే ఆ డ్రైవులో అందరి బుట్టలూ ఒక్కసారిగా పోతాయి కాబట్టి ముందుగా అందరినీ అడగడం మర్యాద, అవసరం కూడా.

మొండితనానికి తరచు కారణం ఫైలు కాదు, దానిని పట్టుకుని ఉన్న ప్రోగ్రాము. హ్యాండిల్ అంటే తెరిచిన ఫైలుపై ప్రోగ్రాముకు విండోస్ ఇచ్చే పట్టు. పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేరు గానీ యాంటీవైరస్ గానీ ఆ పట్టు వదలనంతవరకు విండోస్ సాధారణంగా ఫైలును చెరపనివ్వదు. లైనక్స్‌లో పేరు వెంటనే పోతుంది, సరుకు మాత్రం చివరి ప్రోగ్రాము మూసేదాకా బతికే ఉంటుంది. విండోస్‌లోని రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ విభాగంలో ఫైలు పేరును, అంటే బుట్ట పెట్టిన కొత్త పేరును, వెతికితే పట్టుకున్నదెవరో తెలుస్తుంది. దానిని మూయడం, అది కుదరకపోతే యంత్రాన్ని రీస్టార్ట్ చేయడం సరైన పద్ధతి. బలవంతపు తొలగింపు సాధనాలు మొదటి అడుగు కాకూడదు.

తెలుగు పేర్లకు మరో ఇబ్బంది ఉంది. విండోస్‌లో డ్రైవు నుంచి ఫైలు దాకా పూర్తి దారి పొడవుకు పాత పరిమితి 260 స్థానాలు. గుణింతపు గుర్తూ, హల్లూ, పొల్లూ వేర్వేరుగా లెక్కలోకి వస్తాయి కనుక చదవడానికి మూడక్షరాలైన ‘విద్యార్థి’ అక్కడ పది స్థానాలు తింటుంది. జిప్ విప్పినప్పుడు ఏర్పడిన లోతైన ఫోల్డర్లలో పొడవైన తెలుగు పేర్లుంటే హద్దు త్వరగా దాటిపోతుంది, తొలగింపు ఆగిపోతుంది. బుట్ట నుంచి వెనక్కి తెచ్చి, పై ఫోల్డర్ల పేర్లను ఒక్కో అక్షరానికి కుదిస్తే అది మళ్లీ కదులుతుంది.

ఇంతా చేసి బుట్ట ఖాళీ అయినా పత్రం పూర్తిగా పోయినట్టు కాదు. మామూలు హార్డ్ డిస్కులో ఆ చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది, కొత్త సమాచారం వచ్చి చేరేదాకా రికవరీ సాఫ్ట్‌వేరు దానిని వెలికితీయగలదు. విండోస్‌లోనే ఉన్న సైఫర్ అనే ఆదేశం ఖాళీ చోటంతటి మీదా కొత్త రాతలు రాసి పాత జాడలు చెరుపుతుంది. గంటలు పట్టే పని కనుక రాత్రి షట్టరు దించే ముందు దానిని మొదలుపెట్టి వెళ్లడం నెట్ సెంటరుకు అనువుగా ఉంటుంది.