బోధన్‌కు ఒక రోజు

లండన్ నుంచి వచ్చిన కొడుక్కి సెలవులో ఒక్కరోజు మిగిలింది. 'బోధన్ పోదాం' అన్నాడు తండ్రి.

'ఏమున్నది బాపూ అక్కడ?'

ఆక్స్‌ఫర్డ్ చూడ్డానికి రోజంతా కాళ్లరిగేలా తిరిగొచ్చినవాడే ఆ మాట అన్నాడు!

నిజామాబాద్ నుంచి పాతిక కిలోమీటర్లు. అస్మక జనపదానికి రాజధాని పోదన ఇదేనంటారు చరిత్రకారులు. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో ఆగిపోయింది. అక్కడే రిటైరైన తండ్రి గేటు ముందు నిలబడ్డాడు.

'నీ ఫీజులన్నీ ఈ జీతంలకెల్లే కట్టిన.'

కొడుకు కెమెరా లోపల పెట్టేశాడు. 'క్రషింగ్ రోజుల్ల ఎట్లుండేది బాపూ?'

చెరకు బండ్ల బారు, మొలాసిస్ వాసన, రాత్రి షిఫ్టులు... తండ్రి చెబుతూనే ఉన్నాడు. నిజామాబాద్ బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ చూడలేదు.