ప్రతిజ్ఞ చదివింది ఒకరు, జవాబు ఎవరిది?



2024 ఎంపీ ఎలక్షన్లప్పుడు మా హాస్టల్లో ఒక్కటే లొల్లి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒకే ఎంపీ సీటు. అందులో నిలబడ్డ ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ సార్ మన అలంపూర్ మనిషే. 'రాముణ్ణి, కృష్ణుణ్ణి మొక్కమన్నోళ్ల మధ్యల ఉన్నడు, ఓటెట్లేస్తం?' అని కొందరు.

సంగతి 2021 మార్చిది. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో అంబేడ్కర్ ప్రతిజ్ఞలు చదివించిన్రు. అప్పుడు గురుకులాల కార్యదర్శిగ ఉన్న సార్ అక్కడే ఉన్నరు. గొడవైనంక, ఆ ప్రతిజ్ఞకూ స్వేరోస్‌కూ సంబంధం లేదన్నరు.

మాకు ఆ జవాబే నచ్చలే. అవి 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో చేయించిన 22 ప్రతిజ్ఞలే కదా. చదివింది వేరేటోళ్లు, ప్రతి ముక్కకూ సార్‌ను నిలదీయొద్దు. కానీ ఏది ఒప్పుకుంటరో, ఏది ఒప్పుకోరో చెప్పాలె. 2008లో పాస్టర్ జెరెమయా రైట్ ప్రసంగాల మీద దుమారం లేస్తే ఒబామా అట్లనే విడమరిచి చెప్పిండు. (చివరికి ఆ చర్చే విడిచిండనుకోండి.)

మరి స్వాముల కాళ్లు మొక్కే లీడర్లను, ఆ స్వాములన్న మాటలకు ఎవరడిగిన్రు?

మన తండాల్లో సేవాలాల్ భోగ్ చేసే ఇండ్లున్నయి, చర్చికి పోయే ఇండ్లున్నయి. ఈ అందరి పిల్లలను గురుకులంల ఒక్క తీరుగ చూసిన్రా? మేం అడిగింది అదొక్కటే. చూసిన్రని అక్కడ చదివిన దోస్తులే చెప్పిన్రు.