మూడో పెడలు

విశాఖపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి అసలు పేరు ద్వారకా బస్‌స్టేషన్. ఆ పేరు చెబితే ఆటో డ్రైవరు ఓ క్షణం ఆలోచిస్తాడు. ‘కాంప్లెక్స్’ అంటే చాలు, బండి కదిలిపోతుంది. అక్కణ్నుంచి నాలుగడుగులు వేస్తే ద్వారకా నగర్. ఇక్కడ చిరునామాలన్నీ లైన్ల లెక్కే... ఒకటో లైను, రెండో లైను అంటూ. ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులు. పబ్లిక్ లైబ్రరీ దగ్గర పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకున్న కుర్రాళ్లు. సాయంత్రమైతే డైమండ్ పార్కు చుట్టూ స్కూటర్లు, కార్లు, తోపుడు బళ్లు. ఈ సందడిలో కారు నడపడమంటే క్లచ్చి మీంచి కాలు తీయకుండా నడపడమే!

అలాంటి పేటలో పాతికేళ్ల పాటు క్లచ్చి అన్నదే లేకుండా తిరిగిన కారు ఒకటుంది. పాత మారుతి జెన్, ఆటోమేటిక్.

ఎడమ కాలుకు సెలవు

ఆ కారు యజమాని పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన. చిన్నప్పుడు వచ్చిన పోలియోతో ఎడమ కాలు చచ్చుబడింది. మామూలు కారులో ఎడమ కాలి పని ఒక్కటే, క్లచ్చి నొక్కడం. ఆ ఒక్క పని చేతకాకపోతే కారు నడిపే యోగమే లేదనుకునే రోజులవి. 1993లో జెన్ మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత అందులోనే మూడు గేర్ల ఆటోమేటిక్ రకమూ దిగింది. యాక్సిలరేటరు, బ్రేకు... రెండే పెడళ్లు. రెండూ కుడి కాలితోనే. ఆయనకది కారు కాదు, మరో కాలు. ఎవర్నీ బతిమాలకుండా ఆఫీసుకు వెళ్లాడు, పిల్లల్ని బళ్లో దింపాడు, భార్యను ఆర్కే బీచికి తీసుకెళ్లాడు.

నిజానికి ఆటోమేటిక్ గేరు కొత్త వింతేం కాదు. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ 1940 మోడల్ కార్లలోనే ‘హైడ్రామాటిక్’ పేరుతో వచ్చింది. క్లచ్చికి బదులు చాలా ఆటోమేటిక్ బళ్లలో టార్క్ కన్వర్టరు ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా. ఇక్కడ గాలికి బదులు నూనె. అంతే తేడా.

నూనె నల్లబడితే...

ఎత్తుపల్లాల ఊరు విశాఖ. ఓ రోజు ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గోల పెడుతోంది తప్ప బండి కదల్లేదు. గేరు బాక్సు పుల్ల తీసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన నూనె నల్లగా, మాడు వాసనతో ఉంది. లోపలి ప్లేట్లు అరిగిపోయాయన్నమాట. రెండు మూడు షెడ్లకు తిప్పారు. విప్పుతామన్నవాళ్లున్నారు కానీ సామాను దొరుకుతుందన్నవాళ్లు లేరు. ఆటోమేటిక్ జెన్‌లు అమ్ముడైనవే తక్కువ. మామూలు జెన్‌లు మాత్రం తుక్కులో బోలెడు.

“అమ్మేసి కొత్తది కొందాం నాన్నా” అన్నాడు కొడుకు. 2014లో సెలెరియోతో ఏఎంటీ వచ్చాక చిన్న కార్లలోనూ క్లచ్చి లేనివి బాగానే దొరుకుతున్నాయి. ఏఎంటీ అంటే మామూలు గేరు బాక్సే. క్లచ్చి నొక్కే పని మాత్రం యంత్రం చూసుకుంటుంది. పెద్దాయన ఒప్పుకోలేదు. “నాకింక చూపు ఆనడం లేదు. నడపను. కానీ ఈ బండి నడవాలి. మామూలు గేర్లు పెట్టించు” అన్నాడు. పెట్టిస్తే ఇక దాన్ని తను ఎప్పటికీ నడపలేడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

గాజువాక ప్రయాణం

ముందు కాగితాల పని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి తేడాపడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అందుకే పానా పట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి. బీమా కంపెనీకీ చెప్పాలి. వాళ్లు అదే చేశారు.

ఆ తర్వాత ఎన్ఏడీ జంక్షన్ మీదుగా గాజువాక ఆటోనగర్‌కి. ఓడలు కట్టే ఊరు, ఉక్కు పోసే ఊరు... ఇక్కడ ఇనుముకు భయపడే మేస్త్రీలుండరు. అయినా ఆ షెడ్డు మేస్త్రి ముందే చెప్పాడు, “గేరు బాక్సు మార్చడం ఒక పూట పని. మిగతాదే అసలు పని గురూగారూ” అని. ఫ్లైవీలు, క్లచ్చి ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగు, క్లచ్చి కేబులు, గేరు రాడ్డు, మూడు పెడళ్ల సెట్టు... ఒకే మామూలు జెన్ నుంచి మొత్తం తెచ్చుకోవడం మంచిది. తలో బండిలోంచి తెస్తే ఒకదానికొకటి కుదరవు. క్లచ్చి ప్లేటూ బేరింగూ మాత్రం కొత్తవే వేయాలి. రేడియేటరు దగ్గర గేరు నూనె చల్లబరిచే గొట్టాలు మూసేయాలి.

అన్నీ బిగించాక తాళం తిప్పితే... ఉలుకూ పలుకూ లేదు! ఆటోమేటిక్ బండి ‘పార్కు’లోనో ‘న్యూట్రల్‌’లోనో ఉంటేనే స్టార్టవుతుంది. గేరు బాక్సు పోయింది కానీ ఆ కబురు కోసం తీగలు ఇంకా ఎదురుచూస్తున్నాయి. ఊరికే కలిపేస్తే గేరులో ఉండగా బండి దూకే ప్రమాదం. అందుకని క్లచ్చి పెడలు దగ్గర స్విచ్చు పెట్టి, దాని మీదుగా కలిపారు. ఈసారి ఒక్క తిప్పుకే పలికింది.

అప్పన్న కొండ

విశాఖలో ఏ బండికైనా మొదటి మొక్కు ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడికే. కొత్త బళ్ల వరసలో పాత జెన్ కూడా నిలబడింది. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అట్నుంచటే సింహాచలం బయల్దేరారు. స్టీరింగు ముందు కాలేజీలో చదువుతున్న మనవరాలు. పక్క సీట్లో తాతయ్య. ఆ కారులో ఆయన అటువైపు కూర్చోవడం అదే మొదటిసారి.

ఘాట్ రోడ్డు మొదలయ్యాక బండి బరువుగా మూలగడం మొదలెట్టింది. మనవరాలికి ఏ గేరో తేలలేదు.

“రెండులో వేయమ్మా” అన్నాడాయన.

వేసింది. ఇంజను కుదుటపడింది.

“నువ్వెప్పుడూ గేరు మార్చలేదు కదా తాతయ్యా, నీకెలా తెలుసు?”

“ఎప్పుడు మార్చాలో పాతికేళ్లు విన్నాను కదమ్మా” అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.