మధిరలో జీపు బేరం

బెజవాడ నుంచి ఖమ్మం వైపు పోయే పాసింజరు బండి ఎక్కితే కొండపల్లి, చెరువుమాధవరం, గంగినేని, ఎర్రుపాలెం, తొండలగోపవరం దాటాక మధిర వస్తుంది. ఎర్రుపాలెం వచ్చేసరికి మీరు ఆంధ్ర దాటి తెలంగాణలో వున్నారన్నమాట. కిటికీలోంచి చూస్తే మాత్రం ఆ సంగతి బోధపడదు. అటూ ఇటూ అదే నల్లరేగడి, అదే పత్తి, అదే మిరప. అత్తవారి వూరికి పాతికేళ్ళుగా తిరుగుతున్నాను గనుక ఈ దారిలో నేను కొత్తగా చూడవలసిందేమీ లేదనుకొన్నాను. కాని 2025 మే నెలలో నేను వెళ్ళింది అల్లుడి మర్యాదలు అందుకోవడానికి కాదు, పాత జీపు బేరమాడడానికి. ఆ కళ్ళతో చూస్తే అది వేరే దేశమే అయింది.

కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వానను ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోరు. తెల్లవారేసరికి ఖమ్మంలో మున్నేరు ఇళ్ళ మీదికి వచ్చింది. బెజవాడలో బుడమేరు పేటలకు పేటలు ముంచింది. రైలుకట్ట కేసముద్రం దగ్గర కొట్టుకుపోయి బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సరిగ్గా ఆ పూటే మా అత్తగారికి కడుపునొప్పి పట్టుకొంది. వాళ్ళ వూరు మధిరకు ఏడు కిలోమీటర్లు. మధ్యలో మూడు కిలోమీటర్లు రేగడి డొంక. కారు దిగితే ఇరుసుల దాకా కూరుకుపోతుంది. ట్రాక్టరు తొట్టిలో మంచం వేశారు గాని, కుదుపు కుదుపుకూ ఆవిడ కెవ్వుమంటున్నది. మేమిక్కడ నీళ్ళ మధ్య కూర్చుని ఫోనులో ఆ కేకలు వింటున్నాము.

అప్పుడు పక్కింటి పెద్దాయన తన పాత మహీంద్రా జీపు బయటికి తీశాడు. 540 అనే రకం, ప్యూజో డీజిలు ఇంజను, ఎ.పి.20 నంబరు. గేరు కడ్డీ పక్కన ఇంకో కురచ కడ్డీ వుంటుంది. దాన్ని లాగితే వెనక చక్రాలకే కాక ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందుతుంది. వెనకవి జారుతుంటే ముందువి పీక్కుపోతాయి. ఫోర్ బై ఫోర్ అని అందరూ గొప్పగా చెప్పుకొనేది దీన్నే. ముప్పావు గంటలో అత్తగారు మధిరలో ఆసుపత్రి మంచం మీద వున్నారు. పిత్తాశయంలో రాయి అన్నారు. తీసేశారు. ఆవిడ ఇప్పుడు నిక్షేపంగా వున్నారు.

ఆ రోజు నుంచి మా బావమరిదికి జీపు పిచ్చి పట్టింది. ఆ మరుసటి యేడు మిరప ధర పడిపోయి చేతికి రావలసినదాంట్లో చాలా భాగం రాలేదు. అయినా మూడు లక్షలు పక్కన పెట్టాడు. ‘ఆ డబ్బుతో అమ్మని తెచ్చి మన దగ్గర వుంచుకోరాదూ?’ అన్నది మా ఆవిడ. అత్తగారు రెండు గేదెలను వదిలి బెజవాడ వచ్చే మనిషి కాదు. ఇక బేరానికి నన్నెందుకు పిలిచాడంటే, పదేళ్ళ క్రితం నేను కొన్న పాత మారుతీ కారు ఇంకా నడుస్తున్నది. మా వాళ్ళలో ఆ ఒక్క కారణం చేత నేను మోటారు పండితుణ్ణి.

మామూలు కారు సంగతి మీకు తెలిసిందే. కొన్నరోజు నుంచీ ధర దిగుతూనే వుంటుంది, చివరికి పాత ఇనుము వాడి తక్కెడలో తేలుతుంది. జీపు అలా కాదు. కొంతకాలం దిగుతుంది, ఒకచోట ఆగుతుంది, ఆ తరవాత బాగున్నదాని ధర మెల్లగా పైకి లేస్తుంది. కారణం చిన్నదే. అలాంటివి చేసేవాళ్ళు తగ్గిపోయారు, కావాలనేవాళ్ళు పెరిగిపోయారు. అమెరికా సైన్యం కోసం పుట్టిన విల్లీస్ జీపు విడిభాగాలను తెచ్చి 1949లో బొంబాయిలో మొదటిది బిగించారు మహీంద్రావారు. ఆ వంశమే 540, 550, కమాండర్, మార్షల్ అన్న పేర్లతో మన పొలాల్లో, గనుల్లో, అడవి దారుల్లో తిరిగింది. 2010లో వచ్చిన మొదటి థార్ కూడా ఆ పోలికే. 2020లో వచ్చిన కొత్త థార్ చల్లగాలి యంత్రంతో, మెత్తటి సీట్లతో పట్నంవాళ్ళ బండి అయిపోయింది. ధర కూడా పట్నానిదే. మారుతీవారి జిప్సీ 1985లో పుట్టి, 2019 నాటికి అమ్మకంలోంచి వెళ్ళిపోయింది. దాని బదులు 2023లో జిమ్నీ వచ్చింది గాని, జిప్సీ మీద మనసు పడ్డవాళ్ళు దాన్ని లెక్కచెయ్యరు. ఇంగ్లండులో ల్యాండ్ రోవర్ డిఫెండరు పాతరకం 2016 జనవరిలో ఆగిపోయాక అక్కడ కూడా పాతవాటి మీద మోజు ఇలాగే పెరిగిందట.

మధిరలో దిగగానే ఒక షెడ్డుకు తీసుకెళ్ళాడు బావమరిది. అక్కడ కొత్త పెళ్ళికొడుకులాగా నిలబడి వుంది ఒక జీపు. ఆకుపచ్చ రంగు, మనిషి నడుం ఎత్తు చక్రాలు, ముందు ఆరు దీపాలు. మధ్యవర్తి అయిదు లక్షలన్నాడు. ‘హైదరాబాదు కుర్రాళ్ళు ఫోటో చూసే బయానా పంపిస్తామంటున్నారు, మీరు ఇక్కడివాళ్ళని చెప్తున్నా’ అని కూడా అన్నాడు. ఇక్కడివాళ్ళం కావడం వల్ల మాకు తగ్గింది ఒక టీ డబ్బులు.

మేము వెంటబెట్టుకుపోయిన మేస్త్రీ ముసలివాడు, మాట తక్కువ. బనియనుతో కిందికి దూరి, అయిదు నిమిషాలకు బయటికి వచ్చి చేతులు తుడుచుకొన్నాడు.

‘చిన్న గేరు కడ్డీ వుందయ్యా. దానికింద ముందు ఇరుసుకు పోవలసిన షాఫ్టు లేదు.’

అంటే కడ్డీ అలంకారానికన్నమాట! మధ్యవర్తి నవ్వి, అది వేయించి ఇస్తానన్నాడు. మేస్త్రీ బోనెట్టు ఎత్తించాడు. పుస్తకంలో ఇంధనం పెట్రోలు అని వుంది. బోనెట్టు కింద చూస్తే డీజిలు ఇంజను గుటగుటలాడుతున్నది. ఈ తరహా మార్పు ఒకప్పుడు ఇంటింటి వ్యవహారమే. పెట్రోలు భరించలేక ఎవరికి దొరికిన డీజిలు ఇంజను వాళ్ళు ఎక్కించారు. కాని అనుమతి లేకుండా ఇంజను మారిస్తే మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. పదిహేనేళ్ళు నిండాక అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను తిరగరాయించుకోవాలి గదా, అప్పుడు బండిని అధికారి ముందు నిలబెట్టాలి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పుస్తకంతో కలవకపోతే ఆరు దీపాలూ ఆరిపోయినట్టే. ఆ తిరగరాతకు కారు తరగతి బండ్లకు 600 రూపాయలుండే రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. (మా బేరం ముగిశాక, 2025 ఆగస్టులో, ఇరవై యేళ్ళు దాటినవాటికి దాన్ని 10,000 చేశారు.) పాత జీపు కొనేవాడు ముందు కాగితం చూడాలి, తరవాత కమాను కట్టలు చూడాలి, రంగు ఆఖరున చూడాలి. మా బావమరిది సరిగ్గా దీనికి తలకిందులుగా చూస్తున్నాడు.

మర్నాడు కొత్తగూడెం వెళ్ళాము. వైరా, తల్లాడ దాటి జూలూరుపాడు సమీపించేసరికి చేలు సన్నగిల్లి చెట్లు దగ్గర పడతాయి. గాలి మారుతుంది. అక్కడినుంచి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం దాకా అడవీ బొగ్గూ కలిసి కాపురం చేసే సీమ. కొత్తగూడెం స్టేషనుకు పెట్టిన పేరు భద్రాచలం రోడ్డు. ఆ పేరు నమ్మి దిగి, రాముడెక్కడని అడిగిన యాత్రికులను చూసి కొత్తగూడెంవారు ఇప్పటికీ నవ్వుకొంటారు. గుడి ఇంకా నలభై కిలోమీటర్ల దూరాన, గోదావరికి అవతల.

ఇక్కడ జీపు విలాసం కాదు, పొట్టకూడు. ఏజెన్సీ వూళ్ళకు సంతరోజున మనుషుల్ని, బియ్యం మూటల్ని, కోళ్ళనీ మోసిన కమాండర్‌ను ఒకతను చూపించాడు. లక్షా ఇరవై వేలు. కాగితాలు శుభ్రంగా వున్నాయి, ఇంజను నిజాయితీగా వుంది. అబద్ధమాడని మనిషిలాగా వుంది ఆ బండి మొత్తం. కాని దానికి వెనక చక్రాలే నడుస్తాయి.

‘మరి అడవిలో వానాకాలం ఎలా నడిపావయ్యా?’ అన్నాను.

‘ఎక్కినోళ్ళు దిగి తోస్తారు సార్. పదిమంది ఎక్కుతారు గదా!’

మా అత్తగారిని పడుకోబెట్టి పదిమందిని వెంట తీసుకెళ్ళలేము. ముందు చక్రాలు కూడా నడిచే అదే వయసు బండి అయితే ఎంతని అడిగాను. దొరికితే మూడు, మూడున్నర అన్నాడు. అంటే ఆ కురచ కడ్డీ ఒక్కటే ఇంచుమించు రెండు లక్షలు. అదీ ఎక్కువనిపించలేదు నాకు. 2012 నాటి థార్‌ను అక్కడే ఇంకొకరు ఆరు లక్షలకు పైసా తగ్గనన్నారు. అది కొత్తగా షోరూములో వున్నప్పుడు కూడా ఇంచుమించు ఆ ధరే. పన్నెండేళ్ళు తొక్కి, కొన్న ధరకే అమ్ముకొనే వస్తువు భూమి తప్ప ఇంకొకటి నేను చూడలేదు.

తిరుగు బస్సులో బావమరిది ఉన్నట్టుండి, ‘బావా, మన పక్కింటి పెద్దనాన్ననే అడిగితే?’ అన్నాడు. వరద రోజున అత్తగారిని మోసిన జీపు! ఇద్దరికీ అదివరకు ఎందుకు తట్టలేదో తెలియదు. షాఫ్టు వుందో లేదో మేస్త్రీ దూరి చూడనక్కర్లేదు, మా అత్తగారే సాక్ష్యం.

సాయంత్రం వెళ్ళాము. వసారా పక్కన జీపు వుండే చోట నూనె మరక మాత్రం వుంది.

‘పోయిన ఆదివారం ఇచ్చేశాను నాయనా,’ అన్నాడు పెద్దాయన. ‘హైదరాబాదు నుంచి నలుగురు పిల్లకాయలు వచ్చారు. నాలుగూ డెబ్బయి అయిదు లెక్కపెట్టారు. శనాదివారాల్లో కొండలెక్కుతారంట.’

బావమరిది ముఖం ఎర్రబడింది. ‘మాతో ఒక్క మాట అనకపోతివే పెద్దనాన్నా.’

‘అంటే నువ్వు మూడు ఇస్తావు. ఇరుగుపొరుగు, కాదనలేను. మనవరాలికి కాలేజీ ఫీజు కట్టాలిరా. అందుకని చెప్పలేదు.’

ఆ ముసలాయన తప్పేమిటో ఆ రాత్రంతా ఆలోచించినా నాకు దొరకలేదు. కుర్రాళ్ళ తప్పూ లేదు. పట్నంలో సరదాకి పెట్టే డబ్బు పల్లెలో అవసరానికి పెట్టే డబ్బుకన్నా బరువెక్కువ తూగింది, అంతే. పెద్దాయన మాత్రం ఆ నూనె మరక మీద ఇసుక చల్లకుండా అలాగే వుంచాడు.

చివరికి మా బండి గంపలగూడెం అవతల ఒక మామిడితోటలో దొరికింది. 2011 నాటి జిప్సీ, గుడ్డ టాపు, పెట్రోలు. తోట యజమాని మూడూ డెబ్బయి అయిదన్నాడు. మేస్త్రీ కింద దూరి, చాలాసేపు బయటికి రాలేదు. గుండె దడదడలాడింది. నిద్ర పట్టిందేమోనని కూడా అనుమానించాను. వచ్చి, ‘అన్నీ వున్నాయి,’ అన్నాడు. ఆ రెండు మాటలకు నేను అతనికి అయిదువందలు అదనంగా ఇచ్చాను.

మధిర నుంచి గంపలగూడెం పక్క మండలమే. పెళ్ళిళ్ళు అటూ ఇటూ జరుగుతాయి, పాలవాళ్ళు అటూ ఇటూ తిరుగుతారు. కాని 2014 జూన్ 2 తరవాత మోటారు బండికి అది పరాయి రాష్ట్రం. జిప్సీ నంబరు ఎ.పి.16, అంటే కృష్ణాజిల్లా. పక్కింటాయన జీపు ఎ.పి.20, అంటే పాత ఖమ్మం. చూడడానికి రెండూ ఆంధ్ర నంబర్లే గాని, ఒకటి తెలంగాణలో పుట్టింటి బిడ్డ, ఇంకోటి కోడలు. కోడలు కాపురానికి రావాలంటే అక్కడి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదని పత్రం తేవాలి, ఇక్కడ మళ్ళీ నమోదు చేయించి, వయసును బట్టి జీవితపన్ను కట్టాలి. ఆ ఖర్చూ, పెట్రోలు తాగే గుణమూ, వచ్చే యేడాదికి నిండే పదిహేనేళ్ళూ అన్నీ కలిపి నేను బేరం నడిపాను. మూడూ నలభై, మూడూ పాతిక, చివరికి మూడూ పదిహేను. పైన పడిన పదిహేను వేలూ, పన్ను డబ్బూ ఎవరు పెట్టారో రాయను. మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

డొంకలో దాన్ని నేనే నడిపాను. ఆ పక్షమే తొలకరి ముందస్తుగా పడింది. కురచ కడ్డీ లాగగానే బండి ఒక్కసారి గొంతు సవరించుకొని, ఎద్దు మెడ వంచినట్టు ముక్కు కిందికి దించి, నెమ్మదిగా, జారకుండా బురదలోంచి పైకి వచ్చింది. బావమరిది చిన్నపిల్లవాడిలాగా వెనక్కి తిరిగి చక్రాల గుర్తులు చూసుకొంటున్నాడు.

ఇంటిముందు ఆపాము. అత్తగారు కుంకుమ, కొబ్బరికాయ పట్టుకొని బయటికి వచ్చారు. చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. గుడ్డ టాపు వేలితో నొక్కారు. మెట్టు మీద కాలు పెట్టబోయి, అది మోకాలు దాటి పైన వుండేసరికి ఆగిపోయారు.

‘ఇంత డబ్బు పోసి కొన్నారు, దీన్లోకి ఎక్కేదెలారా?’

బావమరిది లోపలికి పోయి ముక్కాలిపీట తెచ్చాడు. ఇప్పుడది వెనక సీటు కింద, జాకీ పక్కన వుంటున్నది.