నీళ్లు లేకుంటే గడ్డ ఏం కడతది?

మాది తూంకుంట. మాకు చలికాలమంటే రాజీవ్ రహదారి మీద పొగమంచు, ఓ స్వెట్టర్, వేడి చాయ్. అంతే. పైపులో నీళ్లు గడ్డకడతాయని డాలస్ వచ్చాకే తెలిసింది.

పోయిన డిసెంబరులో పికప్ వెనక ట్రావెల్ ట్రెయిలర్ తగిలించుకుని కొలరాడో బయల్దేరాం. పిల్లలున్నారని ట్యాంకు నిండా నీళ్లు పట్టా. రాత్రి అమరిల్లోలో ఆగాం. హీటర్ ఉంది కాబట్టి ఏం కాలేదు. తెల్లారి దాన్ని ఆపేసి కదిలాం. గ్యాస్ మంట వెలుగుతుండగా బండి నడపడం ప్రమాదం కదా!

7,834 అడుగుల ఎత్తున్న రటోన్ కనుమ దాటి ట్రినిడాడ్‌లో ఆగి కుళాయి తిప్పితే చుక్క రాలేదు. మళ్లీ హీటర్ వేశాం. అర్ధరాత్రి పిల్లల పరుపు కింద తడి! సింకు కింద పైపు పగిలింది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది మరి.

వీడియో కాల్‌లో చూపిస్తే మా నాయిన నవ్విండు. "నీళ్లే లేకుంటే గడ్డ ఏం కడతదిరా? ఖాళీ చేస్కొని పో."

ఇప్పుడదే చేస్తున్నా. ముందుగా ట్యాంకు ఖాళీ. గీజరు చల్లారాక అదీ ఖాళీ చేసి, బైపాస్ పెట్టి, పైపుల్లోకి గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ ఎక్కిస్తా. కారు రేడియేటర్‌లో పోసేది మాత్రం వద్దు, అది విషం. టాయిలెట్‌లోకీ నీళ్లకు బదులు ఆ గులాబీ రంగుదే ఓ మగ్గు. తాగే నీళ్లు క్యాన్లలో, పికప్‌లో మా పక్కనే.

ఈ చలికాలం నాయిన వస్తున్నాడు. క్యాన్లు మోసే డ్యూటీ తనదేనట!