న్యాయం ఎక్కడ మొదలవుతుంది?

బాలలారా! న్యాయం అనగానే మీకేమి గుర్తుకు వస్తుంది? కోర్టు, నల్లకోటు, జడ్జిగారు, అంతే కదా! నాకు మాత్రం ఒక పిల్లవాడు గుర్తుకు వస్తాడు. ఏళ్ళ తరబడి ఎందరికో పాఠాలు చెప్పిన నాకు వాడొక పాఠం నేర్పాడు. అదేమిటో చెబుతాను, వినండి.

నేను ధర్మవరంలో ఒక బడికి హెడ్మాస్టరుగా ఉన్న రోజులవి. ప్రార్థన గంట దాటాక వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, మొదటి పీరియడు అయ్యేదాకా బయట నిలబడాలని నియమం పెట్టాను. "అందరికీ ఒకే నియమం! ఇంతకన్న న్యాయం ఏముంటుంది?" అని మురిసిపోయేవాణ్ణి. ఏడో తరగతి పిల్లవాడొకడు ఒక వారమంతా ఆలస్యంగా వచ్చాడు. ఆరు రోజులూ బయట నిలబెట్టాను. ఆదివారంనాడు, వీడి సంగతేమిటో తేల్చుదామని వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి జ్వరంతో మంచం పట్టి ఉన్నాడు. తల్లి గుంటమగ్గంలో కూర్చుని పట్టుచీర నేస్తున్నది. వాడు పక్కన కూర్చుని కండెలు చుడుతున్నాడు. రోజూ తెల్లవారుజామున లేచి ఆ పని ముగించుకుని బడికి పరుగెత్తుకు వచ్చేవాడట!

"ఈ మాట నాతో ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"మీరు అడగలేదు సార్," అన్నాడు వాడు.

ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు మరింత సిగ్గు వేసింది. అప్పుడు నాకు లేపాక్షి కథ తలపుకు వచ్చింది.

లేపాక్షి హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అక్కడి వీరభద్రస్వామి గుడిని 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. విరూపణ్ణ పెనుకొండలో రాజుగారి అధికారి. ఆయన అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు చేశాడని ఎవరో రాజుకు చాడీలు చెప్పారనీ, రాజు ఆయన కళ్ళు తీయించమన్నాడనీ, అది విని విరూపణ్ణ తన కళ్ళను తానే పెరికి గోడకు విసిరాడనీ జనం చెప్పుకుంటారు. గోడ మీద ఎర్రని మచ్చలను నేటికీ చూపిస్తారు. ఈ కథలో ఎక్కడైనా రాజు విరూపణ్ణను పిలిచి, "నీవేమంటావు?" అని అడిగాడా? లేదు! నేను చేసిన తప్పూ అదే. ఇరుపక్షాల మాటా విన్న తరువాతనే తీర్పు చెప్పాలి. ఇది న్యాయానికి మొదటి రూపం.

జరిగిన తప్పును దిద్దుకోవడం రెండోది. సోమవారం ప్రార్థనలో అందరి ముందూ వాడికి క్షమాపణ చెప్పుకున్నాను. వాడికి పోయిన పాఠాలు సాయంత్రాలు నేనే చెప్పాను. తండ్రి లేచి తిరిగేదాకా కండెల పని ఇరుగుపొరుగు నేతవాళ్ళు పంచుకున్నారు.

మూడో రూపం, ఎవరి కష్టాన్ని బట్టి వారికి అండ ఇవ్వడం. చేతిమగ్గం మీద పట్టుచీర నేయడానికి రోజులు పడుతుంది. మరమగ్గం అటువంటి చీరనే ఎంతో త్వరగా నేసి పడేస్తుంది. "ఇద్దరికీ ఒకే నియమం" అంటే చేతిమగ్గం మూలపడదా? అందుకే మన పార్లమెంటు 1985లో చట్టం చేసి, కొన్ని రకాల బట్టలను చేతిమగ్గాలకే కేటాయించింది. మరమగ్గాలవాళ్ళు అభ్యంతరం చెప్పి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కోర్టు ఇరుపక్షాల వాదనా విని, ఆ చట్టం చెల్లుతుందని 1993లో తీర్పు చెప్పింది. అందరినీ ఒకే కొలతతో కొలవడమే న్యాయం కాదన్నమాట!

మరి వీటన్నిటికీ పూచీ ఎవరు? 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. ఆనాడు రాజు మాటే శాసనం. రాజు మంచివాడైతే మేలు, కాకపోతే విరూపణ్ణ గతి! 1950 జనవరి 26 నుంచి మనకు రాజ్యాంగం అమలులో ఉన్నది. పాలించేవారు కూడా దానికి లోబడవలసినదే. సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయాలను అందరికీ సమకూర్చాలని దాని పీఠిక చెబుతున్నది. అంటే పుట్టుకను బట్టి ఎవరినీ చిన్నచూపు చూడరాదు. కష్టపడేవారికి బతుకుతెరువు దక్కాలి. ధనికుడైనా పేద అయినా ఓటు ఒక్కటే. 1987లో చేసిన చట్టం ప్రకారం స్త్రీలూ పిల్లలూ తమ రాబడి ఎంతైనా సరే, ఉచితంగా న్యాయ సహాయం పొందవచ్చు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారిలో ఉన్నాయి. ఆ దారిన వెళ్ళినప్పుడు ఈ సంగతులు తలుచుకోండి. ఆటలో తగవు వచ్చినా, తమ్ముడు పలక పగలగొట్టినా, కోప్పడేముందు ఒక్కమాట అడగండి: "ఏం జరిగింది? నీవు చెప్పు." అమ్మానాన్నలకు కూడా ఇదే నా మనవి. న్యాయం కోర్టులో కాదు, ఆ ప్రశ్నలో మొదలవుతుంది.